నాలుగు వేళ్ళ సందు

ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చి మన దగ్గర ఉండే ఆర్నెల్లలో మొదటి పదిహేను రోజులు ఎలా గడుస్తాయో ఇక్కడున్న మనందరికీ తెలుసు. లండన్ చూపిస్తాం, సముద్రానికి తీసుకెళ్తాం, టమాటాల ధరని వాళ్ళు రూపాయల్లోకి మార్చుకుని నిట్టూరుస్తుంటే నవ్వుకుంటాం. అసలు కథ పదహారో రోజు నుంచి మొదలవుతుంది. అమ్మలకి కనీసం వంటిల్లుంది, మనవరాళ్ళ జడలున్నాయి. నాన్నలకి మిగిలేది కిటికీ ఒక్కటే.

మా నాన్నకి ఆ కిటికీలోంచి ఒక ట్రక్కు కనపడింది. ఈ వ్యాసం ఆ ట్రక్కు గురించే. పగలగొట్టడం కోసమే దాన్ని ఎంత శ్రద్ధగా కట్టారో, ఆ పనిలో నా చేతికి ఏం వచ్చిందో చెప్తాను.

మేముండేది సఫోక్‌లోని ఇప్స్విచ్ ఊళ్ళో. మా ఆయనది మార్టిల్షమ్‌లో టెలికాం ఉద్యోగం. నేను విజయవాడ మారిస్ స్టెల్లా కాలేజీలో బియస్సీ ఎం.పి.సి. చదివాను. పెళ్ళయి ఇక్కడికొచ్చి పన్నెండేళ్ళు. ఏ ఫారంలోనైనా ఉద్యోగం అన్న చోట 'హోం మేకర్' అని రాస్తాను. పదేళ్ళ పాప ఉంది. ఫిజిక్స్ అంతా దాని హోంవర్కుకే పరిమితమైపోయింది.

మా నాన్న విజయవాడ ఆటోనగర్ మనిషి. బందరు రోడ్డు మీద పటమట దాటితే వచ్చే జవహర్ ఆటోనగర్ తెలియని లారీ డ్రైవరు ఆంధ్రాలో ఉండడు. ఇంజను ఉన్న ఛాసిస్ అక్కడికి వస్తే దాని మీద క్యాబిన్, వెనక తొట్టి కట్టి, రంగులేసి, నంబరు రాసి పంపుతారు. నాన్న ముప్ఫై ఏడేళ్ళు బాడీ బిల్డింగ్ షెడ్డు నడిపారు. అమ్మ పోయిన ఏడాదే దాన్ని వేరేవాళ్ళకి ఇచ్చేశారు. మే నెలలో మా దగ్గరికి వచ్చేనాటికి రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ.

మా పక్కింట్లో అరవై దాటిన ఒకాయన, ఆయన మనవరాలు ఉంటారు. ఆ అమ్మాయికి పందొమ్మిదేళ్ళు. ఇద్దరూ బ్యాంగర్ రేసింగ్ మనుషులు. ఇంగ్లండులో డొక్కు కారుని 'బ్యాంగర్' అంటారు. రోడ్డు మీదకి పనికిరాని పాత బళ్ళని కొనుక్కొచ్చి, గుండ్రటి ట్రాక్ మీద ఒకదాన్నొకటి గుద్దుకుంటూ పందెం వేస్తారు. గుద్దడం తప్పు కాదు, అదే ఆట. ఆ రోజు పందేలన్నీ అయ్యాక, ఇంకా కదిలే స్థితిలో ఉన్న బళ్ళన్నీ మధ్యలోకి వచ్చి చేసేది డిమాలిషన్ డెర్బీ. ఇందులో ముందు రావడం, వెనక రావడం లేదు. చివరికి ఏ బండి కదులుతుంటే దానిదే గెలుపు.

ఇది వినగానే మీలో చాలామంది మొహం చిట్లించి ఉంటారు. నేనూ అలాగే చిట్లించాను. కానీ ఈ ఆటకి ఇక్కడ పెద్ద చరిత్రే ఉంది. బ్రిటన్‌లో మొదటి స్టాక్ కార్ పందెం 1954 ఏప్రిల్ 16న, గుడ్ ఫ్రైడే రోజున, లండన్ న్యూ క్రాస్ స్టేడియంలో జరిగింది. స్టాక్ కార్లు రానురాను పందేనికే ప్రత్యేకంగా తయారయ్యే ఖరీదైన బళ్ళయిపోయాయి. అప్పుడు, 1960లలో, తక్కువ డబ్బుతో ఆడుకోవడానికి బ్యాంగర్లు వచ్చాయి. తుక్కుకి పోయే బండే పెట్టుబడి. మూడు చక్రాల రిలయంట్ రాబిన్‌లతో ఆడతారు, వెనక క్యారవాన్ తగిలించుకునీ ఆడతారు. లండన్ వింబుల్డన్ స్టేడియంలో దశాబ్దాల పాటు ఈ పందేలు జరిగాయి. 2017 మార్చిలో అది మూతపడింది. ఇప్పుడక్కడ ఫుట్‌బాల్ మైదానం, దాని చుట్టూ ఫ్లాట్లు. మా ఇప్స్విచ్ శివార్లలో ఫాక్స్‌హాల్ స్టేడియం మాత్రం ఇంకా నడుస్తోంది. గాలి ఇటు తిరిగితే ఆ మోత మా పెరట్లోకి వినిపిస్తుంది.

అమెరికాలో ఉన్న అక్కచెల్లెళ్ళు కౌంటీ ఫెయిర్లలో ఈ డెర్బీలు చూసే ఉంటారు. అక్కడ 1958లో న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లోని ఐస్లిప్ స్పీడ్‌వేలో లారీ మెండెల్సన్ అనే ఆయన దీనికి ఊపు తెచ్చాడని చెప్తారు. చిన్న ట్రక్కులకి, అంటే ఫోర్డ్ రేంజర్, షెవర్లే ఎస్-10 లాంటివాటికి, అక్కడ విడిగా తరగతి ఉంటుంది. ఇక్కడ అంత తరచుగా కాకపోయినా, వ్యాన్లకీ పికప్పులకీ అప్పుడప్పుడు ప్రత్యేకంగా ఒక రోజు పెడతారు. పక్కింటి తాతా మనవరాలూ కడుతున్నది సెప్టెంబరులో జరిగే అలాంటి ఒక డెర్బీ కోసం.

బండి 2001 నాటి మాజ్దా బి2500. ఫోర్డ్ రేంజర్, ఇదీ తోబుట్టువులు. థాయిలాండ్‌లో ఒకే కప్పు కింద తయారయ్యాయి. డీజిల్ ఇంజను, నిచ్చెన లాంటి ఇనప ఛాసిస్, వెనక కమాన్ కట్టలు. ఒక రైతు దగ్గర ఇరవై ఏళ్ళు పనిచేసి, ఎంఓటీ పరీక్షలో పోయింది. కారణం తుప్పు. ఇక్కడ చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కదా, ఆ ఉప్పునీళ్ళు ఛాసిస్ లోపలికి చేరి ఇనుముని తినేస్తాయి. మనం డిగ్రీలో చదువుకున్న విద్యుత్ విశ్లేష్యమే అది.

జూన్ మొదటి వారంలో నాన్న గోడ దగ్గర నిలబడి చూస్తూ చూస్తూ, ఒకరోజు నన్ను పిలిచారు.

"ఏంటమ్మా వీళ్ళు చేస్తున్నది? అద్దాలు తీసేశారు, సీట్లు తీసేశారు, ఇప్పుడు డీజిల్ ట్యాంకు కూడా తీసేస్తున్నారు. బండి బాగు చేస్తున్నారా, విప్పి అమ్ముతున్నారా?"

నేను సంగతి చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు.

"పగలగొట్టడానికా? దసరాకి పూజ చేసుకునే వస్తువుని?"

మన దగ్గర బండి అంటే అంతే. కొత్త లారీ షెడ్డు దాటేటప్పుడు గుమ్మడికాయ కొడతాం, టైర్ల కింద నిమ్మకాయలు పెడతాం, ఆయుధ పూజకి పసుపు కుంకుమ అద్దుతాం. జీవితమంతా బండి నిలబడాలని కట్టిన మనిషికి, కూలడం కోసం కట్టడమనేది మింగుడుపడలేదు. కానీ మర్నాడు పొద్దున్నే టీ కప్పు పట్టుకుని మళ్ళీ గోడ దగ్గరికి వెళ్ళారు. పని కనపడితే ఆగలేని మనిషి మరి.

పక్కింటాయన లోపలికి రమ్మని చెయ్యి ఊపాడు. నాన్నకి ఇంగ్లీషు రాదు, ఆయనకి తెలుగు రాదు. మధ్యలో నేను. నాన్న ఆయన్ని మొదటి రోజే 'మేస్త్రీ' అన్నారు. ఆటోనగర్‌లో చేతిలో పనున్నవాడికి ఇచ్చే పెద్ద మర్యాద అది. ఆ మాటకి అర్థం చెప్పాక ఆయన మొహం వెలిగిపోయింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో కూడా ఆయన పేరు మేస్త్రీయే.

నాన్న ఒక షరతు పెట్టుకున్నారు. విజిటర్ వీసా మీద వచ్చి పని చేయకూడదంటారు కాబట్టి ఒక్క పనిముట్టు కూడా ముట్టుకోనని. పక్కింటివాళ్ళ సరదా పనికి చెయ్యి సాయం చేస్తే ఎవరూ ఏమీ అనరని మా ఆయన ఎంత చెప్పినా వినలేదు. "మనం ఇంకొకరి దేశంలో ఉన్నాం, రూలు రూలే" అని చేతులు వెనక్కి కట్టుకున్నారు. దాంతో ఆయన చెప్పినదాన్ని చేసి చూపించే చేతులు నావయ్యాయి.

ఇక కట్టడం గురించి. బయటి నుంచి చూస్తే ఇది మొరటు ఆటలా ఉంటుంది గానీ, ట్రాక్ వాళ్ళ నియమాల పుస్తకం చదివితే ప్రతి వాక్యం వెనకా ఒక ప్రమాదం నుంచి నేర్చుకున్న పాఠం కనపడుతుంది. నేను ఆ పుస్తకాన్ని నాన్నకి తెలుగులో చదివి వినిపించేదాన్ని.

మొదట అద్దాలన్నీ పోవాలి. లైట్లు, ప్లాస్టిక్, లోపలి గుడ్డా దూదీ కూడా. పగిలేది, అంటుకునేది ఏదీ ఉండకూడదు. ఎయిర్‌బ్యాగులు తీసేయాలి, ఎందుకంటే ఇక్కడ దెబ్బ ఒకటి కాదు, ఇరవై. తర్వాత ఇంధనం. ఈ బండికి అసలు ట్యాంకు తొట్టి కింద, ఛాసిస్ పక్కన ఉంటుంది. దాన్ని పూర్తిగా తీసేసి, కొన్ని లీటర్లు మాత్రమే పట్టే చిన్న ఇనప ట్యాంకుని, నాలుగు వైపులా దెబ్బకి దూరంగా ఉండే చోట పట్టీలతో బిగిస్తారు. బ్యాటరీని ఇంజను పక్క నుంచి తీసి, క్యాబిన్‌లో పక్కసీటు ఉండే చోట నేలకి బోల్టులు వేసి, మీద రబ్బరు కప్పుతారు. కరెంటు మొత్తం ఒక్క దెబ్బతో ఆపే స్విచ్, బయటి నుంచి మార్షల్ చెయ్యి అందేలా పెడతారు. రేడియేటర్లో మామూలు నీళ్ళే, యాంటీఫ్రీజ్ ఉండకూడదు. అది కారితే ట్రాక్ జారుతుంది, పైగా విషం.

అన్నిటికన్నా ముఖ్యం డ్రైవరు చుట్టూ కట్టే పంజరం. మందపాటి ఇనప గొట్టాలతో నాలుగు కాళ్ళు, పైన అడ్డకమ్మీలు, డ్రైవరు తలుపుకి అడ్డంగా దిమ్మె లాంటి రేకు. తలుపులు తెరుచుకోకుండా వెల్డింగ్ చేసేస్తారు. మనిషి కిటికీలోంచి ఎక్కాలి, కిటికీలోంచే దిగాలి. హెల్మెట్, మంట అంటుకోని ఓవరాల్, నాలుగు వైపుల నుంచి బిగించే బెల్టు. డెర్బీలో డ్రైవరు తలుపు మీద కావాలని కొట్టినవాణ్ణి బయటికి పంపేస్తారు. ఎవరికైనా దెబ్బ తగిలినట్టు అనిపించినా, బండి పల్టీ కొట్టినా, మంట కనపడినా ఎర్ర జెండా. అంతా ఆగిపోవాలి.

"బాగానే ఉంది. మిగతా ఛాసిస్ కూడా ఇలాగే బిగిస్తే సరి. బండి అసలు కదలదు" అన్నారు నాన్న. ముప్ఫై ఏడేళ్ళ అలవాటు అది. బలం అంటే అంతా గట్టిగా ఉండటం.

నేను దాన్ని ఇంగ్లీషులో చెప్పగానే మేస్త్రీ తల అడ్డంగా ఊపాడు. అంతటా వెల్డింగ్ చేస్తే నియమాలు ఒప్పుకోవు అన్నాడు. ఎందుకని నాన్న అడిగారు. ఆయన దగ్గర అనుభవం ఉంది గానీ కారణం మాటల్లో చెప్పలేకపోయాడు. అప్పుడు నేను నోట్‌బుక్ తీశాను.

ఇంటర్లో మనమంతా బట్టీ పట్టిన సూత్రం గుర్తుందా? వి స్క్వేర్ మైనస్ యు స్క్వేర్ ఈజ్ ఈక్వల్ టు టూ ఏ ఎస్. గంటకి 30 మైళ్ళు అంటే సెకనుకి 13.4 మీటర్లు. ఆ వేగంతో వెళ్ళే బండి గోడకి గుద్దుకుని, ముందు భాగం అర మీటరు నలిగి ఆగిందనుకోండి. లోపల బెల్టు పెట్టుకున్న మనిషి మీద పడే బలం ఆ మనిషి బరువుకి దాదాపు 18 రెట్లు. అదే బండిని ఎక్కడా నలగనంత గట్టిగా కట్టేసి, పది సెంటీమీటర్లలోనే ఆగేలా చేస్తే? 90 రెట్లు దాటుతుంది. బండికి గీత కూడా పడదు, మెడ విరుగుతుంది.

కార్ల కంపెనీలకి కూడా ఈ సంగతి మొదటి నుంచీ తెలియదు. మెర్సిడెస్‌లో పనిచేసిన బేలా బారెన్యీ అనే ఇంజనీరు 1950ల మొదట్లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. మనుషులు కూర్చునే గది గట్టిగా ఉండాలి, ముందూ వెనకా భాగాలు కావాలనే మెత్తగా ఉండి నలగాలి. ఆ పద్ధతిలో మెర్సిడెస్ కారు 1959లో రోడ్డెక్కింది. ఇప్పుడు మనం పిల్లల్ని స్కూల్లో దింపే ప్రతి కారూ ఆ లెక్క మీదే తయారవుతోంది. చిన్న దెబ్బకే బంపరు నుజ్జయిపోయిందని మనం తిట్టుకుంటాం గానీ, అది చేయాల్సిన పనే చేసింది.

అమెరికా డెర్బీల్లో 1960ల మధ్యనాటి క్రైస్లర్ ఇంపీరియల్ కార్లని చాలా చోట్ల రానివ్వరు. వాటి ఛాసిస్ ఎంత గట్టిదంటే మిగతా బళ్ళకీ మనుషులకీ ఆట మిగలదు. మరీ గట్టిగా ఉండటం కూడా అనర్హతే.

నాన్న ఆ నోట్‌బుక్ పేజీని చాలాసేపు చూశారు. అంకెలు కాదు, నా చేతిరాత చూస్తున్నట్టు అనిపించింది. తర్వాత అన్నారు: "అయితే ఎక్కడ పోవాలో మనమే ముందు చెప్పాలన్నమాట."

అదే ఈ పని మొత్తం. డెర్బీ ట్రక్కు కట్టడమంటే ఏది పోనివ్వాలో, ఏది పోకూడదో ముందే తేల్చుకోవడం. ముందు వైపు రేడియేటరుంది, అది పగిలితే ఇంజను కాసేపటికే ఉడికిపోతుంది. అందుకే తెలివైన డ్రైవర్లు ఎప్పుడూ వెనక్కి నడుపుతూ తొట్టితో కొడతారు. అంటే వెనక భాగం మొదట ఖర్చయ్యే డబ్బు. ఆ దెబ్బలకి ఛాసిస్ చివర్లు కిందికి వంగితే నేలకి గుచ్చుకుని బండి ఆగిపోతుంది, పైకి వంగితే ఇంకాసేపు నడుస్తుంది. నియమాలు ఒప్పుకున్నంత మేర ఛాసిస్ వెనక కొసలో చిన్న గాటు పెట్టి, 'నువ్వు ఇటే వంగాలి' అని ముందే చెప్తారు. కొబ్బరాకు మడిచే ముందు గోటితో గీత పెడతాం చూడండి, అలాగ.

చిన్న ట్రక్కుకి కారుకి లేని చిక్కులు రెండున్నాయి. ఒకటి, ఖాళీ తొట్టి తేలిక. వెనక చక్రాల మీద బరువు లేకపోతే పట్టు ఉండదు, తడి నేల మీద అక్కడే తిరుగుతాయి. బరువు కోసం ఇసక మూటలు వేద్దామంటే నియమాలు ఒప్పుకోవు. గుద్దినప్పుడు మూట కూడా ఎగిరొచ్చి కొడుతుంది మరి. రెండోది ఇంకా పెద్దది. దాన్ని పట్టుకున్నది నాన్నే.

ఆయన క్యాబిన్‌కీ తొట్టికీ మధ్య సందులో వేళ్ళు పెట్టారు. నాలుగు వేళ్ళు పట్టాయి. "అమ్మా, మేస్త్రీని అడుగు. వెనక నుంచి ఇంకో బండి కొడితే ఈ తొట్టి ఎటు వస్తుంది?"

మేస్త్రీ చూశాడు. కారులో డ్రైవరు వెనక ఒక సీటు, ఒక డిక్కీ ఉంటాయి. ఈ చిన్న ట్రక్కులో డ్రైవరు తల వెనకే క్యాబిన్ రేకు, దాని వెనక నాలుగు వేళ్ళ సందు, ఆ వెంటనే తొట్టి అంచు. తొట్టిని ఛాసిస్‌కి పట్టి ఉంచేది కొన్ని బోల్టులే. వాటి చుట్టూ కూడా తుప్పు.

నాన్న చెప్తుంటే నేను తిప్పి చెప్పాను. ఇనప కడ్డీలు వేసుకుని వచ్చే లారీకి సడన్ బ్రేకు పడితే ఏమవుతుందో, లోడు ముందుకి జారి క్యాబిన్‌ని ఎలా నొక్కేస్తుందో, అలాంటి క్యాబిన్లు ఎన్ని తన షెడ్డుకి వచ్చాయో చెప్పారు. "బండి బాగుచేసి ఇచ్చేవాణ్ణి. సీటు మాత్రం కొత్తది వేసేవాణ్ణి" అన్నారు. ఆ ఒక్క వాక్యాన్ని ఇంగ్లీషులోకి మార్చడానికి నాకు కాస్త సమయం పట్టింది. మనవరాలు తాత వంక చూసింది. మేస్త్రీ టీ కప్పు కింద పెట్టాడు.

తర్వాతి రెండు వారాలు ఆ సందు మీదే పని. నియమాల పుస్తకంలో తొట్టికి ఎన్ని బోల్టులు, ఎంత లావు ఉండొచ్చో వెతికి చూశాం. తుప్పు పట్టిన చోట్ల వదిలేసి, గట్టి ఇనుము దొరికిన చోట కొత్త బోల్టులు ఛాసిస్ దాకా దించాం. ఒక్కో బోల్టు కింద అరచేయంత ఇనప పలక, లేకపోతే బోల్టు తల రేకుని చీల్చుకుని పైకి వచ్చేస్తుంది. వత్తిడి అంటే బలం బై వైశాల్యం అని పాపకి చెప్పే పాఠమే ఇది. క్యాబిన్ వెనక, పంజరానికి కలుపుతూ నిలువుగా రెండు గొట్టాలు, ఒక అడ్డకమ్మీ. వెల్డింగ్ మనవరాలు చేసింది. కొలతలు, గుర్తులు, డ్రిల్లింగ్ నావి. నాన్న చేతులు వెనక్కే ఉన్నాయి. నోరు మాత్రం ఊరుకోలేదు.

"డ్రిల్లుని నొక్కకు తల్లీ, దాని బరువుకి దాన్ని దిగనివ్వు. చుక్క నూనె వెయ్యి. శబ్దం మారింది చూడు, ఇక ఆవలికి వచ్చేస్తోంది, పట్టు వదలకు."

రోజుకి పది మాటల మనిషి. ఆ రెండు వారాల్లో ఎన్ని మాట్లాడారో లెక్కపెట్టలేదు.

ఒక సాయంత్రం వెల్డింగ్ ఆగాక అడిగేశాను. "నాన్నా, నన్ను ఎప్పుడూ షెడ్డుకి రానివ్వలేదేం? తమ్ముడు ఆరో క్లాసు నుంచే వచ్చేవాడుగా. వాడికి ఇష్టం కూడా లేదు."

పటమటలో మా ఇంటి నుంచి షెడ్డుకి సైకిల్ మీద పావుగంట. నేను క్యారియర్ తీసుకుని గేటు దాకా వెళ్ళేదాన్ని. గేటు లోపలికి రమ్మని ఒక్కసారి కూడా అనలేదు. "ఆ వెలుగు చూస్తే కళ్ళు పోతాయి, ఇంటికెళ్ళి చదువుకో" అనేవారు. చదువుకున్నాను. ఆ చదువు చివరికి ఫారంలో ఒక గడి అయింది.

నాన్న వెంటనే జవాబు చెప్పలేదు. అక్కడ మగవాళ్ళ మాటలు మంచివి కావన్నారు. వేడి, మసి అన్నారు. ఆ తర్వాత, "అప్పట్లో ఆ ఆలోచనే రాలేదమ్మా" అన్నారు. నా ప్రశ్నకి అది పూర్తి జవాబు కాదు. కానీ నిజమైన జవాబు. ఆలోచన వచ్చి వద్దనుకోవడం వేరు, అసలు రాకపోవడం వేరు. మన తరం ఆడపిల్లల్లో ఎంతమంది దారులు ఆ రెండో కారణంతోనే మూసుకుపోయాయో మీకు నేను చెప్పక్కర్లేదు. పక్కింటి మనవరాలు ముఖానికి అడ్డం పెట్టుకునే వెల్డింగ్ మాస్కు తీసి నా చేతికిచ్చింది. నాన్న చూశారు. వద్దనలేదు. ఒక పాత రేకు ముక్క మీద నా మొదటి గీత కోడి కెలికినట్టు వచ్చింది. "పర్లేదు, కుర్రాళ్ళకి మొదటి నెలంతా ఇంతే" అన్నారు.

సెప్టెంబరులో ఆ ఆదివారం, గంటన్నర దూరంలోని ఒక చిన్న ట్రాక్‌కి వెళ్ళాం. బండిని ట్రెయిలర్ మీద ఎక్కించే ముందు నాన్న జేబులోంచి నాలుగు నిమ్మకాయలు తీసి టైర్ల కింద పెట్టారు. మనవరాలు ఎందుకని అడిగింది. బండికి ఏమీ కాకూడదని అని నేను చెప్పబోతుంటే నాన్న ఆపారు. "బండి పోవాల్సిందేగా. అది బండికి కాదు, పిల్లకి అని చెప్పు." చెప్పాను. ఆ అమ్మాయి నలిగిన నిమ్మకాయ ముక్కొకటి తీసి ఓవరాల్ జేబులో వేసుకుంది.

మీరెవరైనా పిల్లల్ని తీసుకుని వెళ్ళాలనుకుంటే నాలుగు మాటలు. చెవులకి పెట్టుకునే ఇయర్ డిఫెండర్స్ పిల్లలకి తప్పనిసరి, మోత అంత ఉంటుంది. కంచెకి ఆనుకుని కాకుండా పై మెట్ల మీద కూర్చోండి. ఎండ ఉన్నా జాకెట్ మరిచిపోవద్దు. పులిహోర డబ్బా పట్టుకెళ్ళండి, చిప్స్ తప్ప శాకాహారం దొరకదు. అక్కడ మనలాంటి మొహాలు తక్కువే గానీ, పాపని భుజాల మీద ఎక్కించుకున్న తండ్రులు, ఫ్లాస్కుల్లో టీ తెచ్చుకున్న అమ్మమ్మలు కనిపిస్తారు. చాలావరకు కుటుంబాల ఆట అది.

డెర్బీ మొదలైంది. మా బండి వెనక్కి నడుస్తూ కొట్టింది, దెబ్బలు తింది. ఛాసిస్ కొసలు మేం చెప్పినట్టే పైకి లేచాయి. తొట్టి మూడు వంతులు మడతపడింది. నా పక్కన నాన్న పెదాలు కదులుతున్నాయి, ఏ దేవుణ్ణి పిలుస్తున్నారో వినపడలేదు. ఇంకో నాలుగైదు బళ్ళు మిగిలినప్పుడు ఒక పెద్ద వ్యాను మూల నుంచి వేగం అందుకుని వచ్చి, మా బండిని సూటిగా వెనక నుంచి కొట్టింది. ఆ శబ్దానికి పాప నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇంజను ఆగిపోయింది. రెండు క్షణాలు క్యాబిన్‌లో కదలిక లేదు. తర్వాత కిటికీలోంచి ఒక చెయ్యి బయటికొచ్చి బొటనవేలు పైకెత్తింది.

గెలవలేదు. బండి ట్రెయిలర్ దగ్గరికి వచ్చాక అందరూ మడతపడిన తొట్టిని, ఊడిన చక్రాన్ని ఫోటోలు తీసుకుంటున్నారు. నాన్న నేరుగా క్యాబిన్ వెనక్కి వెళ్ళి సందులో చెయ్యి పెట్టారు. నాలుగు వేళ్ళ చోట రెండు వేళ్ళు పట్టాయి. రెండు మిగిలాయి. క్యాబిన్ రేకు మీద సొట్ట కూడా లేదు. మేస్త్రీ కూడా వచ్చి అక్కడే రెండు వేళ్ళు పెట్టాడు. ఇద్దరూ ఏమీ అనుకోలేదు. మొదటిసారి వాళ్ళకి నా అవసరం పడలేదు.

వారం తర్వాత ఆ బండి తుక్కుకి వెళ్ళింది. ఇక్కడ తుక్కు వ్యాపారులు నగదు ఇవ్వకూడదని 2013లో చట్టం వచ్చింది, డబ్బు బ్యాంకులోనే పడుతుంది. ఆ సంగతి ఆటోనగర్‌లో చెప్తే ఎవరూ నమ్మరని నాన్న నవ్వారు. మా బోల్టులు మాత్రం మేస్త్రీ విప్పి దాచాడు, వచ్చే ఏడాదికి.

అక్టోబరులో నాన్న వెళ్ళిపోయారు. వెళ్ళే ముందు రోజు పాపని పక్కన కూర్చోబెట్టుకుని, కమాన్ కట్టలో పట్టీలు ఒకే పొడవు ఎందుకుండవో కాగితం మీద బొమ్మ వేసి చెప్పారు. ఎవరూ అడగలేదు. ఆయనే చెప్పారు. నేను జనవరి నుంచి ఊళ్ళో కాలేజీలో సాయంత్రం వెల్డింగ్ క్లాసులో చేరుతున్నాను. దేనికి పనికొస్తుందని మా ఆయన అడగలేదు గానీ, ఇద్దరు స్నేహితురాళ్ళు అడిగారు. ఇంకా తెలియదని చెప్పాను. నిన్న వాట్సాప్‌లో నేను వెల్డింగ్ చేసిన రేకు ఫోటో పంపితే నాన్న నుంచి జవాబు వచ్చింది: "ఎడమ వైపు వేడి ఎక్కువైంది. చెయ్యి ఇంకాస్త త్వరగా కదలాలి. మళ్ళీ చేసి పంపు."